తెరల నడుమ ఎడిటరు స్థానము

మాదాపురమున సైబర్ టవర్స్ భవనమును నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి 1998 నవంబరు 22వ తేదీన ప్రారంభించిరి. అదే సంవత్సరమున వెలువడిన విండోస్ 98, ఒకే కంప్యూటరుకు పెక్కు తెరలను తగిలించి, వానినన్నింటిని ఒకే విశాల ఫలకముగా వాడుకొను సౌకర్యమును సామాన్య పీసీ వినియోగదారులకు కలిగించినది. మెకింటాష్ 2 వాడువారికి అది 1987 నుండియే లభ్యమై యుండెను. నేడు రాయదుర్గము మొదలు నానక్‌రామ్‌గూడ వరకు గల ఐటీ కార్యాలయములలో, ఒక తెరమీద కోడు, మరియొకదానిమీద దాని ఫలితము, లాప్‌టాప్ తెరమీద టీమువారితో సంభాషణ పెట్టుకొని దినమంతయు గడపువారు పలువురు గలరు. తెరలెన్ని యున్నను పని సాగునది ఎడిటరులోనే గనుక, ఆ విండో ఎచ్చట నుండవలెననుట అల్పవిషయము కాదు.

2020 నాటి లాక్‌డౌను తరువాత కొన్ని దినములు ఆఫీసునందును, కొన్ని దినములు ఇంటియందును పనిచేయు పద్ధతి స్థిరపడినది. పైగా ఎవరి సీటు వారికి ఉండక, ఏనాటికానాడు ఖాళీ సీటు చూచుకొని, అచ్చటి మానిటర్ల కేబులును లాప్‌టాప్‌కు తగిలించి కూర్చుండుట పెక్కుచోట్ల వాడుకయైనది. పగలు గచ్చిబౌలిలో ఎడమవైపు మానిటరుమీద వాడి మూసిన ఎడిటరును రాత్రి మియాపురములోని ఇంట మరల తెరచినచో, ఒక్కొక్కప్పుడు అది కానరాదు. టాస్క్‌బారులో గుర్తు ఉండును, దాని క్రింద గీత వెలుగుచుండును. ఎన్నిమార్లు నొక్కినను తెరమీద మాత్రమేమియు నగుపింపదు. ప్రోగ్రాము చెడినదని తలచి దానిని తీసివేసి మరల ఇన్‌స్టాల్ చేయువారును గలరు. పాత సెట్టింగులు మిగిలియుండుటచేత తరచుగా ఆ శ్రమయు వ్యర్థమగును.

దీనికి కారణము సులభముగా తెలియదగినదే. విండోస్ వ్యవస్థలో ప్రధాన మానిటరుయొక్క ఎడమ పైమూల శూన్యస్థానము. అచ్చటినుండి కుడికిని, క్రిందికిని పోయినకొలది పిక్సెళ్ల సంఖ్య పెరుగును. ఎడమవైపున నున్నది ఋణసంఖ్య యగును. 1920 పిక్సెళ్ల వెడల్పుగల మానిటరు ఎడమప్రక్కన నున్నచో, దాని మొదటి అంచు −1920 వద్ద నుండును. ఎడిటరును −1800 వద్ద నుంచి మూసితిమనుకొందము; పెక్కు ఎడిటర్లు ఆ సంఖ్యను తమ సెట్టింగులలో వ్రాసికొని, మరునాడు అచ్చటనే తెరచుకొనును. ఇంటిలోని ఒంటితెర సున్న వద్దనే ఆరంభమగును గనుక, −1800 అను స్థానము ఇప్పుడు శూన్యాకాశమే. హద్దురాయిని జరిపిన పిమ్మట పాత కొలతలతో గట్టును వెదకుట వంటిదే ఇదియును. శ్రద్ధగా రచింపబడిన ఎడిటర్లు తెరచుకొనుటకు ముందు ఆ స్థానమున తెర యున్నదో లేదో పరీక్షించుకొనును. అన్నియు అట్లు చేయవు.

నివారణోపాయము కీబోర్డుమీదనే యున్నది. టాస్క్‌బారులోని గుర్తును నొక్కి, ఆల్ట్, స్పేస్ మీటలను కలిపి నొక్కి, పిదప ఎమ్ మీటను, ఏదేనొక బాణపు మీటను ఒక్కసారి నొక్కినచో, సాధారణముగా విండో మౌసును అంటుకొని వెలికివచ్చును. రెండవ తెర యున్నచో విండోస్, షిఫ్ట్, బాణపు మీటలు చాలును. 1984లో ఎమ్.ఐ.టి.లో పుట్టిన ఎక్స్ విండో సిస్టమ్‌లో మాత్రము ఋణచిహ్నపు సంప్రదాయము వేరు: అచ్చట ఈమాక్స్ ఎడిటరుకు 80x50-0+0 అని చెప్పినచో, ఎనుబది అక్షరముల వెడల్పు, ఏబది పంక్తుల ఎత్తుగల విండో కుడి అంచునకు ఆని నిలుచును, ఋణచిహ్నము కుడినుండి కొలువుమనుటకు గుర్తు. వీఎస్ కోడ్‌లోనో, 2023 చివర వెలువడిన 1.85 కూర్పునుండి ఒక్కొక్క ఫైలును వేరు విండోగా లాగి మరియొక తెరమీద ఉంచుకొనవచ్చును.

ఐనను, వెదకుకొనుటకంటె ముందుగా అమర్చుకొనుట మేలు. డిస్‌ప్లే సెట్టింగులలో కనబడు చతురస్రములను బల్లమీది మానిటర్ల వరుసకు సరిపోవునట్లు జరిపి, చూపు తిన్నగా సోకు తెరనే ప్రధానముగా నిర్ణయించి, ఎడిటరును దానిమీదనే నిలుపవలెను. అప్పుడు దాని స్థానము సాధారణముగా ఋణసంఖ్య కాదు. మెడయు దినమంతయు ప్రక్కకు తిరిగియుండదు. తెర పైఅంచు కంటిమట్టమునకు సమముగానో, కొంచెము దిగువగానో యుండుట మంచిది. పొడవైన ఫైళ్లు చదువువారు మానిటరును నిలువుగా త్రిప్పినచో ఎత్తున 1080 పిక్సెళ్లకు బదులు 1920 లభించి, మరిన్ని పంక్తులు ఒక్కమారే కానవచ్చును. కొత్తగా చేరినవారికి కోడు నియమములెన్నియో బోధించు టీము లీడులు, మొదటి దినముననే ఈ అమరికను దగ్గరనుండి చూపినచో, పనివేళలు కాపాడబడుటయే గాక, ఆ యువజనుల కన్నులకును, మెడలకును దీర్ఘకాలము మేలు చేసినవారగుదురు.