గిరజాల జుట్టు: ఒక మాట, దాని బరువు

ఏ మాటకైనా అర్థము వేరు, బరువు వేరు. అర్థమును నిఘంటువు చెప్పును; బరువును మోసినవారే చెప్పగలరు. తలవెంట్రుకలను గురించిన మాటలే ఇందుకు నిదర్శనము.

తెలుగులో జంతువుకు ఉండేది బొచ్చు, మనిషికి ఉండేది జుట్టు, కావ్యనాయికకు ఉండేవి కురులు, కుంతలములు. మనిషి తలను చూచి 'బొచ్చు' అన్నామంటే అతనిని ఒక మెట్టు దించినట్లే. వంకీలు తిరిగిన జుట్టును ఉంగరాల జుట్టు అనీ, గిరజాల జుట్టు అనీ అంటాము. పూర్వము యువకుడు గిరజాలు పెంచితే షోకిలారాయుడని పెద్దలు ముఖము చిట్లించేవారు. రంగస్థలముపై కృష్ణపాత్రధారికి అవే అలంకారము. 'కుటిల' శబ్దమునకు వంకర, కపటము అని అర్థములున్నా, 'కుటిలకుంతల' అంటే పొగడ్తయే. శివుని శిరస్సుపై పూజలందుకొనే జటయే మన ఆడపిల్లల వీపున జడ అయినది. అమరావతి శిల్పములలో బుద్ధుని శిరస్సు నిండా చిన్న చిన్న ఉంగరాలే.

ఇక ఆంగ్లములో 'న్యాప్' అంటే వస్త్రముపై నూగు. దానినుండి పుట్టిన 'న్యాపీ' అను విశేషణము అమెరికాలో ఆఫ్రికా సంతతివారి బిగువైన చుట్టల జుట్టుకు అంటుకొని, తరతరాల ఈసడింపును మోసినది. నల్లజాతి రచయిత్రి కారొలివియా హెరన్ ఆ జుట్టును మెచ్చుకొంటూ, ఆ మాటనే పేరుగా పెట్టి పిల్లల పుస్తకము వ్రాశారు. 1998లో న్యూయార్కులోని బ్రూక్లిన్‌లో ఒక శ్వేతజాతి ఉపాధ్యాయిని దానిని తరగతిలో చదివి వినిపించగా అలజడి రేగి, ఆమె ఆ బడిని విడువవలసి వచ్చినది. 2007లో డాన్ ఐమస్ అను రేడియో వ్యాఖ్యాత కళాశాల మహిళల బాస్కెట్‌బాల్ జట్టును ఆ మాటతోనే హేళన చేసి కొలువు పోగొట్టుకొన్నాడు. మాట ఒక్కటే, పలికిన నోరు, విన్న చెవి వేరు. 2019లో కాలిఫోర్నియా రాష్ట్రము జుట్టు తీరునుబట్టి పనిలోను, బడిలోను వివక్ష చూపరాదని శాసనము చేసినది.

ఇది కేవలము దూరదేశపు కథ కాదు. నిజాము కొలువులోని ఆఫ్రికా అశ్వికదళము పేరు హైదరాబాదులో ఏ.సి. గార్డ్స్‌గా నిలిచినది. వారి సంతతి నేటికీ అక్కడ ఉన్నది.

సాంకేతిక దృష్టితో చూచినా ఇందులో ఎక్కువ తక్కువలు లేవు. చర్మములో వెంట్రుక కుదురు నిటారుగా ఉంటే వెంట్రుక సాఫీగాను, వంగి ఉంటే చుట్టలుగాను పెరుగును. అడ్డముగా కోసి చూస్తే మొదటిది ఇంచుమించు గుండ్రముగా, రెండవది కోలగా కనిపించును. రెండింటి ముడిపదార్థము కెరటిన్ అను మాంసకృత్తే. శుభ్రతతో గాని, తెలివితో గాని దీనికి సంబంధము లేదు.

బస్తరు దక్షిణపు అంచున ఉన్న గొల్లపల్లి పేరులోనే తెలుగు వినిపిస్తుంది. కోంటా ప్రాంతపు దోర్లాల పలుకులోను తెలుగు కలిసి ఉన్నది. ఇట్టి సరిహద్దు సీమలో తెలుగు, హిందీ, హల్బీ, గోండీ మాటలాడే పిల్లలు ఒకే బల్లపై కూర్చుంటారు. అక్కడ 'పిచ్చుకగూడు', 'గొర్రెబొచ్చు' అని ఒకరు నవ్వితే, మరొక చిన్నారి ఇంటికి వచ్చి అద్దము ముందు దువ్వెనతో, నూనెతో యుద్ధము చేస్తుంది. ఆ యుద్ధములో ఓడేది జుట్టు కాదు, పసిమనసు.

తల్లిదండ్రులమైన మనము పిల్లలకు నేర్పవలసినది ఒక్కటే. ఎదుటివారి జుట్టుకు పేరు పెట్టే ముందు, ఆ జుట్టు కలవారు దానిని ఏమని పిలుచుకొంటారో అడిగి తెలుసుకోవాలి. 'ఉంగరాలు' అను చక్కని మాట మన భాషలో ఉండనే ఉన్నది.