గ్యాస్ కట్టర్ కథ: ఖర్చంతా ఎక్కడ కాలుతోంది?

ఎల్బీ నగర్ చౌరస్తా దాటి విజయవాడ రోడ్డెక్కితే వనస్థలిపురం తర్వాత ఆటోనగర్. లారీలకు బాడీ కట్టేవాళ్లూ, పాత బళ్లను విప్పి తుక్కు చేసేవాళ్లూ పక్కపక్కనే ఉంటారు. గ్యాస్ కటింగ్ జరిగే చోట సిలిండర్లు జంటగా కనిపిస్తాయి. నల్లది ఆక్సిజన్. దాని జోడీ మెరూన్ రంగు డీఏ, అంటే డిజాల్వ్‌డ్ ఎసిటిలీన్. లేదంటే 19 కిలోల కమర్షియల్ ఎల్పీజీ. డీఏ ఖరీదు, ఎల్పీజీ చవక అంటారు. సిలిండర్ వరకూ అది నిజమే. ఇనుము కోయడం మొదలయ్యాక మాత్రం లెక్క మారుతుంది.

ఎసిటిలీన్‌ను 1836లోనే ఎడ్మండ్ డేవీ కనిపెట్టినా చాలాకాలం అది ప్రయోగశాల గడప దాటలేదు. 1892లో అమెరికాలోని నార్త్ కరోలినాలో థామస్ విల్సన్ అల్యూమినియాన్ని చవకగా తీసే దారి వెతుకుతూ, సున్నాన్నీ తారునూ కలిపి విద్యుత్ కొలిమిలో కాల్చాడు. అనుకున్నది రాలేదు, కాల్షియం కార్బైడ్ వచ్చింది. నీళ్లు పడగానే అది బుసబుసా పొంగి మండే వాయువును వదిలింది. అదే ఎసిటిలీన్. దిల్‌సుఖ్‌నగర్ వాసులకు ఈ కార్బైడ్ కొత్తదేమీ కాదు. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ బాటసింగారానికి తరలిపోక ముందు, మామిడి సీజన్‌లో కాయల్ని మగ్గబెట్టడానికి వాడుతున్నారని జరిగిన గొడవంతా దీని గురించే. తేమ తగిలితే వెలువడే ఎసిటిలీనే కాయ రంగు తిప్పుతుంది. ఆహార భద్రతా నిబంధనలు ఇలా మగ్గబెట్టడాన్ని నిషేధించాయి.

1895లో ఫ్రాన్స్‌లో లె షాటెలియే, ఎసిటిలీన్‌ను ఆక్సిజన్‌తో మండిస్తే మంట 3,000 డిగ్రీల సెల్సియస్ దాటుతుందని చూపాడు. అదే ఏడాది జర్మనీలో లిండే గాలిని ద్రవంగా మార్చే యంత్రం కట్టాడు. 1902 నాటికి ఆ ద్రవం నుంచి ఆక్సిజన్‌ను వేరు చేయగలిగాడు. ఆ రోజుల్లోనే ఫ్రెంచి ఇంజినీర్లు ఫూషే, పికార్ ఈ రెండు వాయువులకూ పనికొచ్చే టార్చ్ తయారు చేశారు.

ఒక చిక్కు మిగిలింది. ఎసిటిలీన్‌ను వట్టి సిలిండర్‌లో కుక్కితే గాలి తగలకపోయినా పేలుతుంది. క్లాడ్, హెస్ అనే ఇద్దరు ఫ్రెంచివాళ్లు 1890ల చివర్లో దాన్ని అసిటోన్‌లో కరిగించి దారి చూపారు. సన్నటి రంధ్రాలున్న పదార్థాన్ని సిలిండర్ నిండా నింపి, దానికి అసిటోన్ పట్టించే పద్ధతిని స్వీడన్‌కు చెందిన గుస్తాఫ్ డాలెన్ మెరుగుపరిచాడు. 1912లో ఎసిటిలీన్ పేలుడులోనే ఆయన చూపు పోయింది. అదే సంవత్సరం, లైట్‌హౌస్ దీపాల మీద చేసిన కృషికి నోబెల్ వచ్చింది. సున్నం, కోక్ బొగ్గు, కొలిమికి కరెంటు, బరువైన సిలిండర్, నిదానంగా నింపే పని: డీఏ ధరలో ఇవన్నీ ఉన్నాయి. ఎల్పీజీ అలా కాదు. రిఫైనరీలో, సహజవాయువు శుద్ధిలో పక్క ఉత్పత్తిగా వస్తుంది, కాస్త ఒత్తిడికే ద్రవమై సిలిండర్‌లో ఒదుగుతుంది.

ఇప్పుడు కట్టర్ నాజిల్‌ను దగ్గరగా చూద్దాం. అంచు చుట్టూ ఉన్న సన్నటి దారుల్లోంచి వేడిచేసే మంట వస్తుంది, నడిమి రంధ్రంలోంచి వట్టి ఆక్సిజన్ దూకుతుంది. ప్లేటు సుమారు 900 డిగ్రీలకు చేరి ఎర్రబడగానే పనివాడు మీట నొక్కుతాడు. ఆ ఆక్సిజన్‌లో ఇనుమే అంటుకుని మండుతుంది, కాలిన ఇనుము చిట్టెమై నిప్పురవ్వలతో కిందికి రాలుతుంది. కిలో ఇనుము కాలితే ఆరేడు మెగాజౌళ్ల వేడి పుడుతుంది. డీఏ అయినా ఎల్పీజీ అయినా పొయ్యి రాజేసే చితుకుల్లాంటివే, అసలు కట్టె ఇనుము. స్టెయిన్‌లెస్ స్టీల్ ఈ కట్టర్‌కు లొంగకపోవడానికీ కారణం ఇదే. దానిలోని క్రోమియం ఆక్సైడ్ పొర కరగక, మంటను ముందుకు సాగనివ్వదు.

ఇక లెక్క. టార్చ్‌లో ఒక పాలు ఎసిటిలీన్‌కు ఇంచుమించు ఒక పాలు ఆక్సిజన్ చాలు. ఎల్పీజీలోని ప్రొపేన్‌కు నాలుగు పాళ్లు పైనే కావాలి. 19 కిలోల ఎల్పీజీ వాయువుగా మారితే ఇంచుమించు 10 ఘనపు మీటర్లు. అది కాలడానికి 40 ఘనపు మీటర్ల ఆక్సిజన్, అంటే 7 ఘనపు మీటర్ల నల్ల సిలిండర్లు ఆరు. ఆరు ఘనపు మీటర్ల డీఏకు ఒక్కటి సరిపోతుంది. ఎల్పీజీ సిలిండర్‌లో వేడి రెండున్నర రెట్లు ఎక్కువన్నది నిజమే, అయినా అంతే వేడికి అది డీఏ కంటే రెట్టింపు పైనే ఆక్సిజన్ తాగుతుంది. పైగా ఎసిటిలీన్ తన వేడిలో మూడో వంతును నాజిల్ దగ్గరి తెల్లటి మొనలోనే వదులుతుంది, ప్రొపేన్ పదో వంతు మాత్రమే. అందుకే ఎల్పీజీతో ప్లేటు ఎర్రబడటం ఆలస్యం. ఒకసారి అంటుకున్నాక పొడుగ్గా సాగే కోతలకు అది లాభం. చిన్న చిన్న ముక్కలు, మాటిమాటికీ కొత్త చోట మొదలుపెట్టే పని అయితే డీఏదే పైచేయి. ఉక్కును గ్యాస్‌తో వెల్డింగ్ చేయాలంటే ఎల్పీజీ పనికే రాదు.

ఖర్చుకే కాదు, అసలు పనికే ఆక్సిజన్ కీలకమని 2021లో తేలింది. కోవిడ్ రెండో విడతలో ఆసుపత్రుల కోసం ఏప్రిల్ 22 నుంచి పరిశ్రమలకు ఆక్సిజన్ సరఫరాను కేంద్రం దాదాపుగా ఆపేసింది. అలాంటప్పుడు షాపులో డీఏ, ఎల్పీజీ నిండుగా ఉన్నా కట్టర్ పని సాగదు.

కాబట్టి ప్రతినెలా ఒకటో తారీఖున మారే కమర్షియల్ ఎల్పీజీ రేటు ఒక్కటే చూసుకుంటే చాలదు. ఆక్సిజన్ స్వచ్ఛత ఒక శాతం తగ్గితే కోత వేగం పావు వంతు పడిపోతుందని ఈ వృత్తిలో పాత అంచనా. చిట్టెం పట్టిన నాజిల్ కూడా నష్టం చేస్తుంది. నల్ల సిలిండర్ మార్చిన ప్రతిసారీ, అయిపోయినదానితో ఎన్ని మీటర్లు తెగిందో గోడ మీద సుద్దముక్కతో రాసుకుంటే, ఏ గ్యాస్ చవకో నెల తిరిగేసరికి ఎవరి షాపు లెక్క వాళ్లకే తేలిపోతుంది.