పిల్లలు బేస్ గిటార్ అడిగితే ఏం చూసి కొనాలి?



మీ అమ్మాయో అబ్బాయో బేస్ గిటార్ నేర్చుకుంటానంటే, "నాలుగు తీగలేగా, మామూలు గిటార్ నేర్చుకోరాదూ?" అనేయకండి. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఇళయరాజా పాట ఏదైనా వినండి. గొంతుకీ వయొలిన్లకీ అడుగున మంద్రంగా నడిచే నాదాన్ని పట్టుకోండి. తాళాన్నీ రాగాన్నీ ముడివేసి ఉంచేది అదే. మామూలు గిటార్‌లోని లావు తీగలు నాలుగింటి కంటే బేస్ తీగలు ఒక స్థాయి కింద పలుకుతాయి.

ముందు గొంతు, తర్వాత వేళ్లు

మన పాలకొల్లులో 1969లో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ ఆరేళ్లకే ఆ వాయిద్యం పట్టారు. గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, శ్రీనివాస్ విని వాయించేవారు. మాండలిన్‌కు సాధారణంగా నాలుగు జతల తీగలుంటాయి. శ్రీనివాస్ జతల బదులు ఒంటి తీగలు పెట్టి, ఐదో తీగ చేర్చి, ఎలక్ట్రిక్ మాండలిన్‌ను కర్ణాటక సంగీతానికి అనువుగా మలుచుకున్నారు. బేస్‌కూ ఇదే దారి. వాయించబోయే స్వరాన్ని పిల్లలు ముందు గొంతుతో పలకాలి, చేత్తో తాళం వేయాలి. వాయిద్యం వాళ్లకు తగినట్టు ఉండాలి.

చేతికి సరిపోయే గిటార్

మామూలు బేస్‌లో తీగ మోగే పొడవు 34 అంగుళాలు. 30 అంగుళాల చిన్న బేస్‌లూ దొరుకుతాయి. షాపులో పిల్లల్ని కూర్చోబెట్టి, తలకు దగ్గరున్న మొదటి మెట్టు మీద లావు తీగను నొక్కమనండి. భుజం పైకి లేస్తున్నా, మణికట్టు బాగా వంగుతున్నా చిన్నదే తీసుకోండి. చేతికి సరిపోని వాయిద్యం ఎంత శ్రద్ధ ఉన్నవాళ్లనైనా విసిగిస్తుంది, చివరికి అటకెక్కుతుంది.

పాతది కొంటే తప్పులేదు. మెడ వంగలేదని, ప్రతి మెట్టు దగ్గరా స్వరం శుభ్రంగా పలుకుతోందని, వైరు కదిపినప్పుడు గరగర రావడం లేదని చూడండి. తీగలు మరీ ఎత్తుగా ఉంటే రిపేరు తెలిసినవారి చేత సరిచేయించండి. భుజం నొప్పి పుట్టకుండా వెడల్పాటి పట్టీ కొనండి.

డబ్బంతా గిటార్ మీదే పెట్టకండి

బేస్‌లోని అడుగు స్వరం ఫోన్ స్పీకర్‌లో సరిగా వినిపించదు. మామూలు గిటార్ ఆంప్‌లో గట్టిగా వాయిస్తే దాని స్పీకర్ పాడవచ్చు. ఇంట్లో సాధనకు 15 నుంచి 25 వాట్ల బేస్ ఆంప్ చాలు. హెడ్‌ఫోన్ పెట్టుకునే వీలున్నదే చూడండి. మంద్రనాదం గోడలు దాటి పక్క ఫ్లాట్‌లోకి పోతుంది మరి. శ్రుతి చూసుకోవడానికి, తాళం వేయడానికి ఫోన్‌లోని ఉచిత యాప్‌లు సరిపోతాయి.

గోదావరి గాలిలో తేమ ఎక్కువ, తీగలు త్వరగా తుప్పు పడతాయి. వాయించాక పొడి నూలుగుడ్డతో తుడిచి సంచిలో పెట్టడం పిల్లలకే అప్పగించండి. ఎండలో నిలిపిన కారులో గిటార్ వదలకండి.

రోజుకు ఇరవై నిమిషాలు

ఆదివారం రెండు గంటల కంటే రోజూ ఇరవై నిమిషాలు మేలు. మొదట ఒకే తీగ మీద, నెమ్మదైన తాళానికి, కుడిచేతి రెండు వేళ్లు మార్చి మార్చి మీటాలి. వేగం తర్వాత వస్తుంది. మొదటి వారాల్లో వేలికొనలు మండటం మామూలే. మణికట్టు నొప్పి పెడితే మాత్రం ఆపించి, గురువుకు చూపించండి. పరీక్షల రోజుల్లో పూర్తిగా మాన్పించకుండా పది నిమిషాలైనా ఉంచండి.

వీలైతే మొదటి నెల గురువు దగ్గరున్న వాయిద్యం మీదే నేర్పించి, ఆసక్తి నిలిచాక కొనండి. మూడు నెలలయ్యాక మీకిష్టమైన పాట ఒకటి మీరు పాడుతూ, దానికి బేస్ వాయించమనండి. మీ పాటకు తాళం తప్పకుండా తోడు నడిస్తే, చదువు మొదలైనట్టే.