పోట్లాట చేపను తొట్టిలో పెంచడం ఎలా?



వరి గురించీ వేరుశనగ గురించీ చెప్పవలసినవాడు ఇవాళ గాజుతొట్టిలో చేప గురించి మొదలుపెట్టాడేమిటా అనుకుంటున్నారు గదూ? కారణం వుంది. ముందు అది చెబుతాను.

కిందటి చలికాలంలో మా మండలంలోని ఒక కౌలురైతు తన కూతురిని వెంటబెట్టుకుని నా దగ్గరకు వచ్చాడు. పిల్ల చేతిలో పచ్చడి సీసా. సీసాలో నీలిరంగు చేప ఒకటి, తోక ముడుచుకుని అడుగున పడుకుని వుంది. తిరునాళ్లలో దాచుకున్న డబ్బులతో కొనుక్కుందట. "మూడు రోజులనుంచి మేత ముట్టడం లేదు సార్" అంది. నీళ్లు మురికిగా కనిపించాయి. "రోజూ సీసా శుభ్రంగా కడిగి, కొత్తగా కుళాయి నీళ్లు పోయమ్మా" అని చెప్పి పంపేశాను. అయిదోనాడు చేప చచ్చిపోయింది. "మీరు చెప్పినట్టే చేశాను గదా సార్" అంది ఆ పిల్ల. నా దగ్గర జవాబు లేదు. పంటకు తెలియని మందు చెప్పకూడదని నేర్చుకున్నవాణ్ణి, చేపకు చెప్పాను. ఆ తర్వాత చదివి, పెంచేవాళ్లను అడిగి, స్వయంగా పెంచి తెలుసుకున్నదే ఈ ప్రసంగం.

ఈ చేపను బెట్టా అంటారు. పుట్టిల్లు థాయిలాండ్ దేశం. అక్కడి వరిచేలల్లో, కాలువల్లో, గడ్డి పెరిగిన మడుగుల్లో బతుకుతుంది. అక్కడివాళ్లు దీన్ని 'ప్లా కాట్' అంటారు. అంటే కరిచే చేప అని అర్థం. మన వైపు పందెపు కోళ్లను పెంచినట్టే, పోట్లాటకోసం తరతరాలుగా అక్కడ దీన్ని ఏరి పెంచారు. 1910లో దీనికి శాస్త్రజ్ఞులు బెట్టా స్ప్లెండెన్స్ అని పేరు పెట్టారు. 2019లో థాయిలాండ్ ప్రభుత్వం దీన్ని తమ జాతీయ జలచరంగా ప్రకటించింది.

ఇక దాని నడవడి. మగచేప తన చోటును మన పొలం గట్టులాగే కాపాడుకుంటుంది. ఇంకో మగచేప కనిపించిందా, మొప్పల మూతలు విప్పి, రెక్కలు పరచి, ఒంటిని పెద్దదిగా చేసి చూపిస్తుంది. అవతలిది తప్పుకుంటే సరేసరి. చేలోనైతే పారిపోవడానికి చోటుంటుంది. తొట్టిలో ఎక్కడికి పోతుంది? అంచేత రెక్కలు చిరిగి, చచ్చేదాకా పోట్లాట సాగవచ్చు. ఒక తొట్టిలో రెండు మగచేపలను ఎన్నడూ వేయవద్దు. ఆడా మగా కూడా గుడ్లు పెట్టించే వేళ తప్ప కలిసి వుండకూడదు. అద్దంలో తన నీడను చూసినా ఇది శత్రువే అనుకుంటుంది. పిల్లలు సరదాకు గంటల తరబడి అద్దం చూపిస్తుంటారు. చేప అలసిపోతుంది, మానిపించండి.

"మరి అంగళ్లలో చిన్న చిన్న గ్లాసుల్లో పెట్టి అమ్ముతున్నారే, అది చాలదా?" అని మీరడగవచ్చు. మంచి ప్రశ్న. దీనికి మన కొర్రమీనును గుర్తు చేసుకోండి. సంతలో తడి గంపలోనైనా కొర్రమీను గంటల తరబడి ప్రాణంతో వుంటుంది, ఎందుకని? మొప్పలే గాక, గాలి పీల్చే ఏర్పాటు తలలో వుంది గనుక. బెట్టాకూ మొప్పలపైన అలాంటి అరలే వున్నాయి. మాటిమాటికీ పైకి వచ్చి గాలి మింగి పోతుంది. అందువల్ల కాసిని నీళ్లలో ఊపిరాడక చావదు. కాని అదే నీళ్లలో తన మలినమే విషమై చస్తుంది. ఈ తేడా తెలియకే చాలా చేపలు పోతున్నాయి.

ఆ విషం ఏమిటో రైతుకు చెప్పడం తేలిక. పశువుల కొట్టంలో మూత్రం నిలిస్తే ముక్కుకు తగిలే ఘాటు వుంది చూడండి, అది అమ్మోనియా. చేప విసర్జించేదీ, తినగా మిగిలిన మేత కుళ్లితే వచ్చేదీ అదే. మన మాగాణిలో వేసిన యూరియా అమ్మోనియాగా మారి, నేలలోని సూక్ష్మజీవుల వల్ల నైట్రైటుగా, ఆపైన నైట్రేటుగా మారుతుంది. తొట్టిలోనూ సరిగ్గా అదే జరుగుతుంది. అమ్మోనియా, నైట్రైటు చేపకు విషాలు. నైట్రేటు కొద్దిపాటిగా వుంటే హాని లేదు. నీటిమొక్కలు దాన్ని పైరులాగే తినేస్తాయి. ఈ మేలుచేసే సూక్ష్మజీవులు వడపోత స్పాంజిలో, అడుగున గులకరాళ్లమీద కాపురముంటాయి. కొత్త తొట్టిలో అవి కుదురుకోవడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. నేను రోజూ కడగమన్న సీసాలో అవి నిలిచే వీలేదీ? పైగా కుళాయి నీళ్లలోని క్లోరిన్, వాటితోబాటు చలి. మూడు దెబ్బలు ఒకేసారి తగిలాయి ఆ చేపకు.

కాబట్టి ఇలా చేయండి:

ఒక చేపకు కనీసం 20 లీటర్ల తొట్టి పెట్టండి. లోతుకంటె వెడల్పు ముఖ్యం. గాలికోసం పైకి రావాలి గదా. ఇది ఎగిరి దూకే చేప. తొట్టిపైన మూత వుండాలి, నీటికీ మూతకూ మధ్య గాలి చోటు వదలాలి.

నీటి వేడి 25 నుంచి 27 డిగ్రీల సెంటిగ్రేడు వుంటే మంచిది. మన వేసవిలో తొట్టిని ఎండ తగలనిచోట పెడితే చాలు. పుష్యమాసపు చలికి మాత్రం చిన్న హీటరు కావాలి. ఉదజని సూచిక 6.5 నుంచి 7.5 వరకు తగును.

కుళాయి నీళ్లను వెడల్పు గంగాళంలో ఒక పగలు, ఒక రాత్రి నిలవుంచితే క్లోరిన్ పోతుంది. క్లోరమైన్ కలిపిన నీళ్లయితే అలా పోదు. దానికి అంగట్లో దొరికే విరుగుడు మందు చుక్కలు వేయాలి.

వారానికొకసారి నాలుగోవంతు నీళ్లు మాత్రమే తీసి, అదే వేడి వున్న నీళ్లు పోయండి. తొట్టి ఇంకా కొత్తదైతే రెండు రోజులకొకసారి ఇలా చేయండి. స్పాంజిని కుళాయి కింద కడగవద్దు; తొట్టిలోనుంచి తీసిన నీళ్లలోనే పిండండి.

నీళ్లు జోరుగా తిరగకూడదు. పొడుగు రెక్కల చేప ప్రవాహానికి ఎదురీదలేదు. దాగుకోవడానికి నీటిమొక్కలు వేయండి. మన పెరటి బాదం చెట్టు ఎండుటాకు ఒకటి కడిగి వేస్తే నీళ్లు పలచని టీ రంగుకు వస్తాయి. థాయిలాండ్‌లో పెంపకందార్లు ఎప్పటినుంచో వేస్తున్నారు. పురుగుమందు పడిన ఆకు మాత్రం వద్దు.

ఇది పురుగులు తినే చేప. గుళికలైతే పూటకు రెండు మూడు, రోజుకు రెండుసార్లు చాలు. నిలవ నీళ్లలో గింగిరాలు కొట్టే దోమ లార్వాలు దీనికి ఇష్టం, మురుగుకాలువవి పెట్టవద్దు. మరమరాలు, అన్నం మెతుకులు వేయకండి, కడుపు వుబ్బుతుంది, నీళ్లు చెడతాయి.

రెక్కలు ముడుచుకోవడం, రంగు వెలియడం, అడుగున పడివుండటం, మేత మానడం, అద్దం వెంబడి ఎడతెగక తిరగడం: ఇవి కనిపిస్తే మందుకోసం పరుగెత్తవద్దు. ముందు నీళ్లు చూసుకోండి. ఇంకొకటి, పెంచలేకపోతే చెరువులోనో కాలువలోనో వదలకండి. అది మన నీటిది కాదు.

ఆ పిల్లకు ఈసారి నేనే ఒక చేప తెచ్చిచ్చాను. తొట్టి ముందుగా నెలన్నర సిద్ధం చేయించాను. కొన్నాళ్లకు పరుగెత్తుకుంటూ వచ్చింది. "సార్, నీళ్లమీద నురగ కట్టింది, జబ్బేమో!" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. వెళ్లి చూశాను. జబ్బు కాదు, గూడు. ఈడొచ్చిన మగచేప ఆడచేప లేకపోయినా నోటితో గాలిబుడగలు వదిలి గూడు కడుతుంది. ఆడచేప పెట్టిన గుడ్లు అడుక్కు జారితే మగచేపే నోట పట్టి తెచ్చి ఆ నురగలో వుంచుతుంది. ఒకటి రెండు రోజుల్లో పిల్లలు బయటపడతాయి. అవి ఈదడం నేర్చేదాకా కాపలా తండ్రిదే.

"అయితే తల్లి ఏం చేస్తుంది సార్?" అంది ఆ పిల్ల.

"గుడ్లు పెట్టగానే దాన్ని వేరే తొట్టిలోకి తీసేయాలి తల్లీ. లేకపోతే తండ్రిచేప తరిమి కొడుతుంది."

"మా నాన్న అలా కాదు" అంది. పక్కనున్న నాన్న నవ్వాడు.

ఆ చేప ఇప్పటికీ బాగుంది. మీ ఇళ్లలోని చేపలూ బాగుండాలి.