చెట్ల పుప్పొడి – వాతావరణం – మన ఊపిరి



ప్రతి సంవత్సరం శివరాత్రి దాటి, పదవ తరగతి పరీక్షలు దగ్గరపడే రోజుల్లో మన హాస్టల్లో ఒక చిత్రం జరుగుతుంది. ఉదయం స్టడీ అవర్‌లో ఒకరు తుమ్మితే ఆ వెనకే నలుగురు తుమ్ముతారు. కళ్లు ఎర్రబడతాయి, ముక్కు కారుతుంది. "చలి పోయింది కదా, ఈ జలుబు ఎక్కడిది రా?" అని ఒకరినొకరం అడుగుతాం.

నిరుడు నా పక్క మంచం తమ్ముడికి రాత్రిపూట ఆయాసం వచ్చేది. ఛాతీలో పిల్లికూతలు వినిపించేవి. అంటురోగం అనుకొని కొందరు వాడి పక్కన కూర్చొని అన్నం తినడం మానేశారు. ఎవరో ఇచ్చిన జలుబు మాత్రలు మింగాడు, తగ్గలేదు. చివరికి డాక్టరు గారు పరీక్షించి ఇది ఉబ్బసమని, పుప్పొడీ దుమ్మూ వాడికి పడవని చెప్పారు. అప్పుడు నాకొక అనుమానం వచ్చింది. చెట్లు రోజూ అవే. మరి వాడి ఆయాసం ఒకరోజు ఎక్కువగా, ఒకరోజు తక్కువగా ఎందుకుంటుంది? ఆ ప్రశ్నకు జవాబే ఈ వ్యాసం.

ఏ చెట్టు పుప్పొడి గాలిలోకి వస్తుంది?

పువ్వులోని పరాగకోశంలో తయారయ్యే సన్నని పొడే పుప్పొడి. చాలా పుప్పొడి రేణువులు మన వెంట్రుక మందం కంటే చిన్నవి. అన్ని చెట్ల పుప్పొడీ గాలిలో ఎగరదు. మామిడి పూత మీద ఈగలు, తేనెటీగలు వాలతాయి. దాని పుప్పొడి జిగటగా, బరువుగా ఉంటుంది. వేప పుప్పొడిని కూడా ఎక్కువగా కీటకాలే మోస్తాయి, కొంత మాత్రం గాలిలో కలుస్తుంది. గాలినే నమ్ముకున్న చెట్ల సంగతి వేరు. వాటికి రంగు పూలుండవు, వాసన ఉండదు. అందుకు బదులు లెక్కలేనంత పుప్పొడిని గాలికి వదులుతాయి. నెమలినార చెట్టు (దీన్నే తపసి అంటారు) ఆకులన్నీ రాల్చుకొని మోడుగా ఉన్నప్పుడే పూస్తుంది. అడ్డం వచ్చే ఆకులు లేవు కనుక పుప్పొడి సులువుగా ఎగిరిపోతుంది. ఈత, సరుగుడు కూడా గాలిని నమ్ముకున్నవే. రోడ్ల మధ్య డివైడర్లలో విరివిగా నాటిన కోనోకార్పస్ కూడా ఈ జాతిదే. గుజరాత్ ప్రభుత్వం 2023లో ఆ మొక్క నాటడాన్ని నిషేధించింది.

ఇక్కడ ఒక పొరపాటు దిద్దుకోవాలి. ఎండాకాలంలో తెల్లగా తేలుతూ వచ్చే బూరుగు దూదిని చూసి "అదిగో పుప్పొడి" అంటాం. అది గింజలను మోసే దూది మాత్రమే. అసలు పుప్పొడి విడిగా కంటికి కనిపించదు.

ఎండ, మంచు, గాలి

పరాగకోశం తడిగా ఉంటే విచ్చుకోదు. తెల్లవారుజామున మంచు పడి ఉన్నప్పుడు మూసుకొనే ఉంటుంది. పొద్దెక్కి, తేమ ఆరిపోయాక పగిలి పొడి రాలుస్తుంది. అందుకే చాలా చెట్ల పుప్పొడి ఉదయం ఎండ వచ్చిన తర్వాత కొన్ని గంటల పాటు ఎక్కువగా విడుదలవుతుంది. మనం ప్రేయర్‌కు మైదానంలో నిలబడే వేళ కూడా అదే!

మధ్యాహ్నం నేల వేడెక్కి గాలి పైకి లేస్తుంది. దానితోపాటు పుప్పొడీ పైకి పోతుంది. ఎంత ఎత్తుకు? ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో చార్లెస్ బ్లాక్‌లీ అనే డాక్టరు ఉండేవాడు. ఆయనకే ఈ తుమ్ముల జబ్బు ఉంది. మనం సంక్రాంతికి పతంగులు ఎగరేసినట్టే ఆయన పతంగులకు జిగురు పూసిన గాజుపలకలు కట్టి ఎగరేశాడు. వెయ్యి అడుగులు దాటిన ఎత్తులో కూడా పుప్పొడి దొరికింది. తన ప్రయోగాలను 1873లో పుస్తకంగా ప్రచురించాడు. దీన్నిబట్టి మన ఆవరణలో ఒక్క చెట్టు లేకపోయినా, దూరపు గట్ల మీది పుప్పొడి మన ముక్కును చేరగలదని తెలుస్తుంది.

పొద్దు గూకి నేల చల్లబడ్డాక పైకి పోయిన పుప్పొడి మెల్లగా దిగుతుంది. గాలి కదలని రాత్రుల్లో అది కిందనే నిలిచిపోతుంది. డాబా మీద పడుకున్న మా తమ్ముడికి రాత్రి ఆయాసం రావడానికి ఇది ఒక కారణం కావచ్చునని నాకు అప్పుడు అర్థమైంది.

వాన మంచిదా, చెడ్డదా?

రెండూ. ముసురు పట్టి నిదానంగా కురిసే వాన గాలిని కడిగేస్తుంది. చినుకులు పుప్పొడిని పట్టుకొని నేలకు దించుతాయి. జూన్‌లో మృగశిర కార్తె వచ్చి వానలు కుదురుకున్నాక చెట్ల పుప్పొడి బాగా తగ్గుతుంది. (ఆ తర్వాత గడ్డి, వయ్యారిభామ పుప్పొడి, బూజు మొదలవుతాయి, అది వేరే కథ.)

కాని ఏప్రిల్, మే నెలల్లో వచ్చే గాలివాన అలాంటిది కాదు. 2020 మే నెలలో మన పక్కనున్న కోహెడ పండ్ల మార్కెట్‌లో గాలివానకు షెడ్లు కూలిపోయిన సంగతి మనవాళ్లకు గుర్తుండే ఉంటుంది. రేకులను లేపిన గాలికి పుప్పొడి ఒక లెక్కా? చినుకు పడకముందు వీచే ఆ ఈదురుగాలి చెట్ల మీది, నేల మీది పొడినంతా ఒక్కసారిగా లేపుతుంది. మబ్బులోని తేమకు పుప్పొడి రేణువులు ఉబ్బి పగిలి ఇంకా చిన్న ముక్కలవుతాయి. పెద్ద రేణువు ముక్కులోనే ఆగిపోతుంది. ఈ ముక్కలు మాత్రం ఊపిరితిత్తుల లోపలికి దిగిపోతాయి. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నగరంలో 2016 నవంబరు 21న ఉరుములతో వచ్చిన గాలివాన తర్వాత ఊపిరాడక వేలమంది ఆసుపత్రులకు పరుగెత్తారు. పదిమంది చనిపోయారు. అక్కడ కారణం గడ్డి పుప్పొడి. పుప్పొడి ఏదైనా గాలివాన పనితీరు అదే. కనుక ఉబ్బసం ఉన్నవాళ్లు మబ్బు కమ్మి గాలి లేవగానే చల్లగా ఉందని బయట నిలబడకూడదు. లోపలికి వచ్చి కిటికీలు మూసుకోవాలి.

మనం ఏం చేయాలి?

1. పొడిగా, ఎండగా, గాలిగా ఉన్న రోజు జాగ్రత్త రోజు అని గుర్తుంచుకోవాలి. ఆ రోజు ఆటలాడి వచ్చాక ముఖం, కళ్లు నీళ్లతో కడుక్కోవాలి.
2. పూత కాలంలో దుప్పట్లను పొద్దస్తమానం డాబా మీద వదిలేయకూడదు. దులిపి, పెందలాడే లోపలికి తెచ్చుకోవాలి.
3. డాక్టరు రాసిన ఇన్‌హేలర్‌ను సిగ్గుపడి పెట్టెలో దాచకూడదు. అది అలవాటుపడే మత్తుమందు కాదు. మందు పీల్చినా ఆయాసం తగ్గకపోతే ఆలస్యం చేయక వార్డెన్ సార్‌కు చెప్పి 108కు ఫోన్ చేయాలి.
4. రెండు వారాలు దాటిన దగ్గును పుప్పొడి మీదికి నెట్టేయకూడదు. కళ్లె పరీక్ష చేయించుకోవాలి.
5. చెట్లు నరకమని మాత్రం అడగకండి. నాగార్జునసాగర్ రోడ్డు దుమ్మును అడ్డుకుంటున్నవీ, మనకు నీడనిస్తున్నవీ ఆ చెట్లే. కొత్తగా నాటేటప్పుడు గాలికి పుప్పొడి వదలని జాతులను ఎంచుకుంటే చాలు.

ఇంకొక మనవి. గాజుపలకకు వాజిలిన్ పూసి ఒకరోజు కిటికీలో ఉంచి, బడిలోని సూక్ష్మదర్శిని కింద చూడండి. మంచు, ఎండ, గాలి, వాన, ఆ రోజు ఎంతమంది తుమ్మారు అనేవి బోర్డు మీద రాయండి. ఒక సంవత్సరం రాస్తే మన తుర్కయాంజాల్ గాలి లెక్క మనకే తెలుస్తుంది.

నా పక్క మంచం తమ్ముడు ఇప్పుడు లోపల పడుకుంటున్నాడు, మందు వేళకు పీలుస్తున్నాడు. అందరితో కలిసి అన్నం తింటున్నాడు. ఎవరైనా తుమ్మితే కాసేపు ఆగమంటారు పెద్దలు. మనమూ ఆగుదాం. కాని అపశకునమని కాదు, ఈరోజు గాలి ఎలా ఉందో చూడటానికి.