తప్పును ముందే పట్టే లింట్

ఈ రోజుల్లో ప్రోగ్రాము రాసినవాళ్లు దాన్ని తమ చేత్తో సర్వర్ మీదకు ఎక్కించడం తక్కువ. కోడ్ రిపాజిటరీలో చేరగానే దాన్ని బిల్డ్ చేయడం, టెస్టులు నడపడం, అన్నీ బాగుంటే రిలీజ్ చేయడం వరసగా వాటంతటవే జరిగిపోతాయి. ఈ వరసనే పైప్‌లైన్ అంటారు. ఏ పని తర్వాత ఏ పని, ఏ మెషీన్ మీద, ఏ పాస్‌వర్డులతో అన్నదంతా ఒక కాన్ఫిగరేషన్ ఫైల్లో ఉంటుంది. ఆ ఫైల్లో ఒక్క మాట తప్పితే రిలీజ్ ఆగిపోతుంది. ఆగకుండా తప్పుగా నడిస్తే నష్టం ఇంకా ఎక్కువ. ఫైలు నడవకముందే దాన్ని చదివి ఇలాంటి తప్పుల్ని పట్టుకునే పనిముట్టు లింటర్. దాని కథకు దాదాపు యాభై ఏళ్ల వయసుంది.

బెల్ ల్యాబ్స్‌లో పుట్టుక

1970ల చివర్లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం, ముర్రే హిల్‌లో ఉన్న బెల్ ల్యాబ్స్‌లో యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను కొత్త మెషీన్ మీదకు మార్చే పని జరుగుతోంది. అప్పటిదాకా అది నడిచింది 16 బిట్ల పిడిపి-11 మీద. వెళ్లాల్సింది 32 బిట్ల ఇంటర్‌డేటా 8/32 మీదకు. రెండు బైట్ల పూర్ణాంకం నాలుగు బైట్లయింది, బైట్లను పేర్చే వరస మారింది. పాత మెషీన్ లక్షణాల్ని నమ్ముకుని రాసిన కోడ్ కొత్తచోట దెబ్బతినసాగింది.

ఈ పనిలో సి భాష సృష్టికర్త డెన్నిస్ రిచీతో పాటు ఉన్నవాడు స్టీఫెన్ జాన్సన్. యాక్ అనే ప్రసిద్ధ పార్సర్ జనరేటర్, పోర్టబుల్ సి కంపైలర్ ఆయన రాసినవే. అప్పటి సి కంపైలర్ ఒక్కో ఫైలునూ విడిగా చూసేది. ఒక ఫైల్లో రెండు ఆర్గ్యుమెంట్లతో రాసిన ఫంక్షన్‌ను ఇంకో ఫైల్లో మూడింటితో పిలిచినా కిమ్మనేది కాదు. దాని పని త్వరగా మెషీన్ కోడ్ తయారుచేయడం. జాన్సన్ రాసిన లింట్‌కు ఆ తొందర లేదు. ఫైళ్లన్నిటినీ కలిపి నిదానంగా చదివి, పొసగని చోట్లను చూపేది. 1978లో ఆయన దాని గురించి రిపోర్టు రాశాడు. 1979లో యూనిక్స్ ఏడో ఎడిషన్‌తో లింట్ బయటి ప్రపంచానికి చేరింది.

ఆ రిపోర్టులో నేటికీ పనికొచ్చే మాట ఒకటుంది. ‘ఇక్కడ తప్పు ఉండొచ్చు’ అని సందేశాలు పుట్టించడం తేలిక. కానీ వాటిలో నిజమైన తప్పులు మరీ తక్కువైతే సందేశాల మీద నమ్మకం పోతుంది, ముఖ్యమైనవి ఆ చెత్తలో కనపడకుండా పోతాయి. అందుకే, ‘ఇది తెలిసే రాశాను’ అని ప్రోగ్రామర్ ప్రత్యేక కామెంట్లతో లింట్‌కు చెప్పుకునే వీలు కూడా ఆయన పెట్టాడు.

యామెల్ కాలం

తర్వాత భాషకో లింటర్ వచ్చింది. 2002లో జావాస్క్రిప్ట్‌కు జెఎస్‌లింట్, 2012లో షెల్ స్క్రిప్టులకు షెల్‌చెక్, 2013లో మళ్లీ జావాస్క్రిప్ట్‌కే ఈఎస్‌లింట్ పుట్టాయి. ఈలోగా ట్రావిస్, గిట్‌ల్యాబ్, ఆ తర్వాత గిట్‌హబ్ యాక్షన్స్ లాంటి పైప్‌లైన్ వ్యవస్థలు తమ ఫైళ్లకు యామెల్ అనే ఫార్మాట్‌ను ఎంచుకున్నాయి.

2001లో మొదలైన యామెల్ చూడ్డానికి తేలిక, రాయడానికి జాగ్రత్త కావాలి. అందులో మార్జిన్‌లో వదిలే ఖాళీకి కూడా అర్థం ఉంది. కొటేషన్ గుర్తులు లేకుండా పైథాన్ వెర్షన్ 3.10 అని రాస్తే దాన్ని దశాంశ సంఖ్యగా తీసుకుని 3.1 అని చదువుతుంది. నార్వే దేశానికి రెండక్షరాల కోడ్ ‘ఎన్ఓ’. పాత 1.1 వెర్షన్ నియమాల ప్రకారం అది ‘కాదు’ అనే లాజికల్ విలువగా మారిపోతుంది. ఇలాంటి వాటిలో కొన్నిటిని పట్టడానికి యామెల్‌లింట్ ఉంది. అయితే అది యామెల్ బాగోగులే చూస్తుంది. ఫైలు యామెల్‌గా సరిగ్గా ఉండి, పైప్‌లైన్‌గా తప్పయితే దానికి తెలియదు.

ఆ ఖాళీని గిట్‌హబ్ యాక్షన్స్ ఫైళ్ల వరకు పూడ్చింది 2021లో వచ్చిన ఓపెన్ సోర్స్ లింటర్ యాక్షన్‌లింట్. ‘బ్రాంచెస్’ అని ఉండాల్సిన చోట ‘బ్రాంచ్’ అని రాశామనుకోండి. యామెల్ ప్రకారం తప్పేం లేదు. యాక్షన్‌లింట్ మాత్రం లైను నంబరు, కాలమ్ నంబరు చెప్పి, ఆ లైను చూపించి, తప్పు మాట కింద గుర్తు పెట్టి, అక్కడ ఏయే మాటలు చెల్లుతాయో కూడా చెబుతుంది.

ఇంకో తప్పు మరీ లోతైంది. ఒకే పనిని లినక్స్, మ్యాక్ మెషీన్ల మీద నడపడానికి పైన ‘ఓఎస్’ అనే పేరు పెట్టి, కింద కాష్ పేరు కట్టేటప్పుడు ‘ప్లాట్‌ఫామ్’ అని వాడామనుకోండి. ఆ పేరు ఎక్కడా లేదు కాబట్టి గిట్‌హబ్ దాన్ని ఖాళీ స్ట్రింగ్‌గా తీసుకుని ముందుకు సాగిపోతుంది. ఎర్రర్ రాదు, కాష్ పేరులో మెషీన్ తేడా మాయమవుతుంది. యాక్షన్‌లింట్ ఎక్స్‌ప్రెషన్ల టైపులు సరిచూస్తుంది కాబట్టి దీన్ని పట్టుకుంటుంది.

ఫైలు మధ్యలో ఉండే షెల్ స్క్రిప్టుల్ని అది షెల్‌చెక్‌కు అప్పగిస్తుంది. స్క్రిప్టులో గిట్‌హబ్ ఎక్స్‌ప్రెషన్ ఉంటే షెల్‌చెక్‌కు అర్థం కాదు. అందుకని దాని చోట అండర్‌స్కోర్లు పరిచి పంపుతుంది. చిన్న ఉపాయమే గానీ, రెండు పనిముట్లు తగువు లేకుండా కలిసి పనిచేయడానికి అదే ఆధారం.

తాళాలు పోకుండా

పైప్‌లైన్ చేతిలో సర్వర్ల తాళాలుంటాయి. ఎవరో బయటివాళ్లు పెట్టిన ఇష్యూ టైటిల్‌ను నేరుగా షెల్ స్క్రిప్టులో అతికిస్తే, ఆ టైటిల్లో దాచిన కమాండ్ మన మెషీన్ మీద నడుస్తుంది. దాన్ని ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ ద్వారా తీసుకోవాలి. ఈ పొరపాటును కూడా యాక్షన్‌లింట్ గుర్తిస్తుంది. 2025 మార్చిలో 23,000కు పైగా రిపాజిటరీలు వాడుతున్న టీజే-యాక్షన్స్ వారి ‘చేంజ్డ్-ఫైల్స్’ అనే యాక్షన్‌లో దుండగులు చొరబడ్డారు. పాత వెర్షన్ ట్యాగులను తమ కోడ్ వైపు తిప్పారు, దాంతో రహస్యాలు లాగ్‌లలోకి వచ్చిపడ్డాయి. ట్యాగును కాకుండా 40 అక్షరాల కమిట్ నంబరును రాసుకున్నవాళ్లకు ఆ ట్యాగుల మార్పు అంటలేదు. ఇలా రాయని చోట్లను జిజ్మోర్ లాంటి భద్రతా లింటర్లు ఎత్తిచూపుతాయి.

చెప్పేది వినేలా

లింటర్‌ను మెరుగుపరచడమంటే కొత్త రూల్స్ చేర్చుకుంటూ పోవడం అనుకుంటారు చాలామంది. కానీ జాన్సన్ 1978లో చెప్పిందే తర్వాత లెక్కల్లో తేలింది. కోడ్ పరీక్షించే పనిముట్టు అమ్మే కోవెరిటీ బృందం 2010లో తమ అనుభవం రాసింది. హెచ్చరికల్లో 30 శాతానికి మించి ఉత్తుత్తివైతే జనం పనిముట్టునే పట్టించుకోవడం మానేస్తారని అందులో ఉంది. నాన్నా పులి కథే ఇది. గూగుల్ తన ట్రైకార్డర్ వ్యవస్థలో ఆ హద్దును 10 శాతానికి కుదించింది. ఫేస్‌బుక్ ఇంజనీర్లు చూసింది మరో సంగతి. తప్పుల జాబితాను విడిగా ఇస్తే దిద్దినవి దాదాపు సున్నా. అలాంటి తప్పుల్నే కోడ్ మార్పు రివ్యూలో ఉన్నప్పుడు చూపిస్తే 70 శాతం దిద్దారు. పనిముట్టు మారలేదు, చెప్పిన వేళ మారింది.

కాబట్టి లింటర్ గొప్పతనం ఎన్ని తప్పులు పట్టిందన్న దాంట్లో లేదు, చెప్పినవాటిలో ఎన్నిటిని మనిషి విని దిద్దుకున్నాడన్న దాంట్లో ఉంది. కొత్త రూల్ రాసేవాళ్లు దాన్ని తప్పుల ఫైళ్ల మీదే కాదు, సరైన ఫైళ్ల మీద కూడా నడిపి చూడాలి. సరైన ఫైలు మీద అది నోరు మూసుకుని ఉండటం కూడా పరీక్షే. తప్పు ఏ లైనులో ఉందో, ఎందుకు తప్పో, ఎలా దిద్దాలో ఒక్క సందేశంలో ఇమడాలి. కావాలని రాసిన చోట కారణం రాసి రూల్‌ను ఆపుకునే వీలుండాలి.

పైప్‌లైన్లతో పనిచేసే పాఠకులకు ఒక్క మనవి. మీ రిపాజిటరీలో ఈ ఫైళ్లకు లింటర్ లేకపోతే ఇవాళే పెట్టండి, పుష్ చేయకముందే మీ మెషీన్ మీదే నడిచేలా పెట్టండి. అది తప్పుడు హెచ్చరిక ఇస్తే విసుక్కుని తీసేయకండి. ఆ హెచ్చరికకు కారణమైన నాలుగు లైన్లను ఉదాహరణగా లింటర్ రాసేవాళ్లకు పంపండి. అలాంటి ఉదాహరణల వల్లే ఈ పనిముట్లు బాగుపడతాయి.