మంచు కింద కాపు

మొన్న మార్చిలో మా మనవడు వీడియో కాల్ చేశాడు. వాడుండేది ఫిన్లాండులో, తంపెరే అనే ఊళ్ళో. ఫోను తిప్పి చూపిస్తే చుట్టూ తెల్లటి బయలు, మధ్యలో పెట్టె మీద వీడు. "పొలంలో ఏం చేస్తున్నావురా?" అన్నాను. "పొలం కాదు తాతయ్యా, సరస్సు మీద కూర్చున్నా. నాసియార్వి" అన్నాడు. మా ఆవిడ నా చేతిలోంచి ఫోను లాక్కుని, "ముందు గట్టెక్కు, తర్వాత మాట్లాడుదువుగాని" అంది.

గట్టి మంచు 5 సెంటీమీటర్లుంటే మనిషి నడవచ్చని అక్కడివాళ్ళ లెక్క. వీడి కింద మోకాలెత్తు మందాన ఉంది. అయినా మెళ్ళో తాడుకి రెండు మేకులు వేలాడుతున్నాయి, నాస్కలి అంటారట. పొరపాటున నీళ్ళలో పడితే ఆ మేకులు మంచులో గుచ్చుకుంటూ పైకి పాకిరావాలి. అది విన్నాక మా ఆవిడ భయం రెట్టింపయింది.

వాడు జానెడు వెడల్పు కన్నం తొలిచి గాలం వేశాడు. మూరెడైనా లేని కర్ర, దాన్ని ఆడిస్తూ కూర్చోవడమే. ఈ పిల్కి గాలానికి పైసా కట్టక్కర్లేదు, అది అక్కడ అందరి హక్కు. ఎక్కువగా దొరికేవి చిన్నచేపలు. పెద్ద హౌకి కావాలంటే ఇంకో రకం గాలం: కొక్కేనికి చిన్నచేపను గుచ్చి దించి, పైన ఓ జెండా పుల్ల కట్టి వదిలేస్తారు. చేప లాగితే జెండా లేస్తుంది. దీనికి మాత్రం రుసుం కట్టి అనుమతి తీసుకోవాలి. హౌకి అంటే ఇంగ్లీషువాళ్ళ పైక్.

"అంత చలికి చేపలు గడ్డకట్టుకుపోవూ?" అంది మా ఆవిడ. మంచి ప్రశ్న. దానికి జవాబు ఆవిడ వంటింట్లోనే ఉంది. శీతాకాలం పొద్దున నేతి గిన్నె చూడండి, పేరుకున్న నెయ్యి అడుగున, పల్చటిది పైన. గట్టిపడ్డది బరువెక్కి మునగడమే లోకంలో రివాజు. నీళ్ళు మాత్రం ఈ రివాజు తప్పుతాయి. 4 డిగ్రీల దాకా చల్లబడుతూ అన్నిటిలాగే బరువెక్కుతాయి. అక్కడినించి ఇంకా చల్లబడితే తేలికవుతాయి. గడ్డకట్టేటప్పుడు నూటికి 9 వంతులు ఉబ్బుతాయి. నిండా నింపిన సీసా ఫ్రీజర్లో పగిలేది అందుకే. కాబట్టి మంచు పైనే తేలి, సరస్సుకు దుప్పటవుతుంది. బయట మైనస్ 20 ఉన్నా, అడుగుకు వెళ్ళేకొద్దీ నీళ్ళు 4 డిగ్రీల వైపు వెచ్చబడతాయి. నీళ్ళు కూడా నెయ్యిలాగే ప్రవర్తిస్తే చెరువులు అడుగునించి గడ్డకడుతూ వచ్చేవి, చేపలకు చోటే ఉండేది కాదు.

ఇంకో సంగతి. స్టవ్ మీద నీళ్ళు పెడితే మరగక ముందే గిన్నె అంచున చిన్న బుడగలు కడతాయి చూశారా? నీళ్ళలో కరిగిన గాలి, వేడికి బయటికి పోతోందన్నమాట. చల్లనీళ్ళు గాలిని బాగా పట్టి ఉంచుకుంటాయి. 0 డిగ్రీల దగ్గర లీటరు నీళ్ళలో సుమారు 14.6 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరగగలదు. 30 డిగ్రీలకి ఆ లెక్క 7.5కి పడిపోతుంది. మన కొర్రమీను మాటిమాటికీ పైకొచ్చి గుటకేసేది ఎందుకనుకున్నారు? వెచ్చటి బురద చెరువులో ఊపిరి చాలదు. తెలంగాణ రాష్ట్ర చేప ఆ ఇబ్బందిలోంచే గాలి పీల్చడం నేర్చింది. హౌకికి ఆ అవసరం పడలేదు. మంచు మూతపడి నెలల తరబడి కొత్త గాలి అందకపోయినా, లోతున్న సరస్సులో నిల్వ సరిపోతుంది. పైగా చలికి ఒంట్లో పనులన్నీ మందగించి ఖర్చూ తక్కువే. లోతులేని మడుగుల్లోనే ప్రమాదం. మంచు మీద మంచుపొడి పేరుకుని వెలుగు పోతే నాచు ఆక్సిజన్ తయారుచెయ్యలేదు, కుళ్ళే ఆకులేమో ఉన్నది తినేస్తాయి. అక్కడ చేపలు మంచు కిందే ఊపిరాడక చస్తాయి.

హౌకినీ కొర్రమీనునీ పోల్చిచూస్తే ఇద్దరూ కాపు కాసే వేటగాళ్ళే. నాచులో కర్రముక్కలా కదలకుండా ఉండి, ఒక్క ఉదుటున దూకుతారు. హౌకి వీపు రెక్క, కింది రెక్క వెనక్కి జరిగి తోక పక్కనే ఉంటాయి. మూడూ కలిసి ఒకే పెద్ద తెడ్డులా నీటిని తంతాయి. తరుముకుంటూ పోయే ఓపిక లేదుగాని ఆ మొదటి దూకుడులో సాటి లేదు. నోట్లో పళ్ళు గొంతు వైపు వాలి ఉంటాయి. కొల్లేట్లో చేపలు పట్టే మావు చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, లోపలికి దారి ఉంది, బయటికి లేదు. ఆ పళ్ళు నైలాన్ దారాన్ని పటుక్కున కొరికేస్తాయి, అందుకని గాలం చివర ఉక్కుతీగ కడతారు. తన జాతి పిల్లల్ని కూడా మింగుతుంది. మంచు కరగ్గానే వసంతంలో ముంపు గడ్డిలో గుడ్లు అంటించి తన దారిన పోతుంది. పిల్లల్ని వెంటేసుకు తిరిగే కొర్రమీను ముందు ఈ విషయంలో మాత్రం హౌకికి మార్కులు వెయ్యను.

ఫిన్లాండువాళ్ళ ఇతిహాసం కలేవలలో వైనామొయినెన్ అనే ముసలాయన ఓ పెద్ద హౌకి దవడ ఎముకతో కాంతెలే అనే తంత్రీవాద్యం చేస్తాడు. ఆ దవడ చూస్తే ఎవరికైనా అలాంటి ఊహే వస్తుంది.

మాట్లాడుతుండగానే వీడు వేసిన రెండో గాలం జెండా లేచింది. ఫోను మంచులో పడేసి పరుగెత్తాడు. మాకు కాసేపు ఆకాశమే కనిపించింది. తర్వాత చేతుల్లో పచ్చటి ఒళ్ళు, లేత మచ్చలు, బాతు ముక్కులాంటి మూతి.

"పులుసు పెట్టుకో" అంది మా ఆవిడ.

"ముళ్ళెక్కువ బామ్మా."

"పులస తినే ఇంట్లో పుట్టి ముళ్ళకి భయమేమిట్రా!"

వాడి భార్యకి నెలలు నిండుతున్నాయి. చిన్నచేపల పాదరసం పెద్దచేపలో పోగవుతుందని, గర్భిణులు హౌకి తినొద్దని అక్కడి ప్రభుత్వమే చెప్తుంది. ఆ సంగతి నేను చెప్పేలోపు వాడే చేపని కన్నంలోకి జార్చేశాడు.

"అయితే చింతపండు పంపక్కర్లేదన్నమాట" అని మా ఆవిడ ఫోను నాకిచ్చేసింది.